పాత గణనయంత్రములు – ప్రదర్శనశాలకు దానము

హబ్సీగూడనుండి నాచారము, మల్లాపూరుల మీదుగా ఇ.సి.ఐ.ఎల్. కూడలికి పోవు బాట కిరువైపుల, మన దేశపు తొలితరము కంప్యూటర్లను తమ చేతులతో కూర్చినవారు విశ్రాంతి తీసికొను ఇండ్లున్నవి. అట్టి ఇంటి అటకపై ఒక సర్క్యూటు బోర్డో, పసుపువన్నెకు తిరిగిన మాన్యువలో ఉండుట సహజమే. ఇంటికి సున్నము వేయు నాడవి పాత ఇనుప సామానువాని బండి నెక్కును. ఆ బండి రాకముందు చెప్పవలసిన మాటలు కొన్ని కలవు.

1967లో అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఇచట వెలసినది. దానికి ఆద్యులు మోగల్లు గ్రామమున జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు, ఎ.ఎస్. రావు నగరు వారి పేరనే ఏర్పడినది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 యంత్రము 1969లో పనిలోనికి వచ్చినది. ఒక్కొక్క మాటకు 12 బిట్లగుటచే దాని కా సంఖ్య. పిమ్మట 312, 316 వచ్చినవి. పెద్ద గదుల నాక్రమించు మెయిన్‌ఫ్రేములకన్న ఇవి చిన్నవే. అయినను కాపాడుకొను చిక్కు రెంటికి నొక్కటే.

ఆ కాలపు యంత్రముల జ్ఞాపకశక్తి ఫెర్రైటు ఉంగరములలో నుండెడిది. ఆవగింజ పాటి ఉంగరములలో సన్నని తీగెలను దూర్చి వల వలె అల్లెడివారు. ఉంగరము ఒకవైపు అయస్కాంతీకరింపబడిన ఒకటి, రెండవవైపు అయిన సున్న. విద్యుత్తు పోయినను గుర్తు చెడదు. చదివినచో మాత్రము చెరగిపోవును. కావున యంత్రము చదివిన వెంటనే మరల వ్రాసికొనెడిది. 12 బిట్ల మాటలు 4,096 దాచుటకు 49,152 ఉంగరములు కావలెను. నేటి చిప్పులో కంటికేమియు నానదు. ఈ వలను చూపినచో, జ్ఞాపకమన నెట్టిదో పదేండ్ల బాలునకు సైతము తెలియును. తూకమునకు వేసిన దానిలోని రాగికి వచ్చు వెల యెంత?

ఇక దానము సంగతి. ప్రప్రథమముగా, పాత యంత్రమునకు కుతూహలముతో విద్యుత్తు నీయరాదు. ఏండ్ల తరబడి మూలబడిన కెపాసిటర్లు చెడి, పగిలి, తక్కిన భాగములను కూడ చెరచును. తీగెలను కోయరాదు, ఏ తీగె ఎచటిదో చీటీ కట్టవలెను. మాన్యువళ్లు, సర్క్యూటు పటములు, చిల్లుల టేపులు యంత్రముతోడనే పోవలెను. ప్రభుత్వ సంస్థ రిజిస్టరులో నున్న వస్తువును మనము దానము చేయజాలము. ఆ సంస్థయే లిఖితపూర్వకముగ నీయవలెను. సొంత వస్తువైనను దానపత్రము వ్రాయుట మేలు. లారీ నెక్కించుటకు ముందే కొలతలు, బరువు, ఛాయాచిత్రములు ప్రదర్శనశాలకు పంపవలెను. వారికి చోటు తక్కువ; కాదన్నచో చిన్నబుచ్చుకొన నక్కరలేదు, మరియొకరి నడుగవచ్చును.

చిత్తు కాగితములతో నేమి పని యందురా? బ్రిటనులో రెండవ ప్రపంచ యుద్ధకాలమున రహస్య లిపులను ఛేదించుటకు నిర్మించిన కొలోసస్ యంత్రములను తరువాత విప్పివేసిరి, పటములను కాల్చిరి. 1993లో టోనీ సేల్ దానిని మరల కట్టబూనినపుడు, 1945 నాటి ఎనిమిది ఛాయాచిత్రములును, కొందరు ఇంజనీర్లు నిబంధనలకు విరుద్ధముగ దాచుకొనిన పటముల తునుకలును ఆధారమైనవి. 2007 నాటికది మరల పనిచేసినది.

చీటీ లేని ధ్వనిముద్రణ టేపును చేతబట్టుకొని, ఈ కంఠమెవరిదని దిక్కులు చూచిన దినములు మాకును కలవు. కనుక అటకపైనున్న అట్టపెట్టెపై, ఇది ఏ యంత్రముది, ఏ యేట, ఎవరు నడిపిరి, ఏ లెక్కకు వాడిరి అను నాలుగు పంక్తులు, వ్రాయగలవారుండగనే వ్రాయించి పెట్టుడు.