కరిగిన ఐసే కష్టపడిన ఐసు

ఐసు అనగానే హాస్టలు మిత్రులకు పుల్ల ఐసో, నిమ్మకాయ సోడానో గుర్తుకొస్తుంది. చిల్లకూరు వైపు రొయ్యల గుంటలున్న మా బోటి వాళ్ళకు పట్టుబడి రోజు, దాని వెంటే ధర గుర్తుకొస్తాయి.

కిందటి వేసవిలో మా గుంట పట్టాం. టన్ను రొయ్య వచ్చింది. బండీ, ఐసూ మేమే మాట్లాడుకున్నాం. అర టన్ను ఐసును పెద్ద ముక్కలుగా కొట్టి, రొయ్యల పైన పేర్చి పంపాం. ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో మధ్యాహ్నం దాకా బండి నిలబడింది. తలుపు తీస్తే పైన ఐసు ఇంకా మిగిలే ఉంది. అడుగు ట్రేలలో రొయ్యల తలలు నల్లబడ్డాయి. కిలోకు 40 రూపాయలు కోత. "మిగిలేంత ఐసు వేస్తిమి గదరా! నువ్వు చదివే ఫిజిక్సులో దీనికేమన్నా జవాబు ఉండాదా?" అన్నాడు నాయన. ఆ పూట నాకు నోరు పెగల్లేదు.

జవాబు ఇంటర్లో చదువుకున్నదే. గ్రాము ఐసు కరిగేటప్పుడు 80 కెలోరీల వేడిని మింగుతుంది. ఇదే గుప్తోష్ణం. టన్ను రొయ్యను 30 డిగ్రీల నుంచి 0 డిగ్రీలకు దించాలంటే సుమారు 25,500 కిలో కెలోరీలు లాగెయ్యాలి. దాన్ని 80తో భాగించండి: దాదాపు 320 కిలోల ఐసు. బయటి వేడి, ఆలస్యం లెక్కలో వేసుకొని రొయ్యకు రొయ్యంత ఐసు వేసేవాళ్ళూ ఉన్నారు. మేం వేసింది అర టన్ను. లెక్కకు సరిపోయినా, ఆ ఐసు రొయ్యను తాకలేదు. మిగిలిన ఐసు అంటే పని చెయ్యని ఐసు! తల నల్లబడటం రొయ్య ఒంట్లోని ఒక ఎంజైము ఆక్సిజన్‌తో కలిసి చేసే పని. చల్లదనం దాన్ని మందగింపజేస్తుంది గాని మాన్పించదు.

తర్వాత ఒక ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి చూశాను. అమోనియా గొట్టాల్లో ఆవిరి అవుతూ చుట్టూ ఉన్న ఉప్పునీటి వేడిని లాగేస్తుంది. ఆ ఉప్పునీరు సుమారు మైనస్ 10 డిగ్రీలకు దిగినా గడ్డకట్టదు. అందులో ముంచిన డబ్బాల్లోని మంచినీళ్ళు అంచుల నుంచి లోపలికి గడ్డకడతాయి. డబ్బాకు చిల్లి పడిందా, ఉప్పునీరు చేరి దిమ్మ గట్టిపడదు. అమోనియా కారుతుందని అనుమానమొస్తే గంధకం పుల్ల వెలిగించి గొట్టాల వెంట తిప్పుతారు. కారే చోట తెల్లటి పొగ లేస్తుంది. కెమిస్ట్రీ ల్యాబులో మనం చేసే పరీక్షలకు ఇది తీసిపోదు.

"అమెరికాలో వంటిల్లూ మంచమూ ఉన్న బండ్లలో ఐసు మిషన్ కూడా ఉంటుందట, మీరూ ఒకటి పెట్టుకోరాదా?" అన్నాడో మిత్రుడు. లెక్క వేద్దాం. 30 డిగ్రీల నీరు కిలో ఐసు కావాలంటే 110 కిలో కెలోరీలు తియ్యాలి. 320 కిలోలకు 35,200. ఒక టన్ను యంత్రం గంటకు తీసేది 3,024. అంటే 11 గంటల పైమాటే! గ్లాసులోకి నాలుగు ముక్కలకైతే బండి మిషన్ చాలు. (ఏసీల మీద చెప్పే 'టన్ను' కూడా ఐసు లెక్కే: రోజులో 907 కిలోల ఐసు కరగడానికి పట్టే వేడి.) అందుకే ఫ్యాక్టరీలో ముందే చేసిన చలిని దిమ్మగా బండెక్కించుకుంటాం. 1842లో మద్రాసులో కట్టిన ఐస్ హౌస్‌కు అమెరికా నుంచి ఓడల్లో ఐసు వచ్చిందీ ఇలాగే.

బండిలో పాటించవలసినవి నాలుగే. దిమ్మను మెత్తగా పొడి చెయ్యాలి. పొడికి తాకే వైశాల్యం ఎక్కువ. అడుగున ఐసు, పైన రొయ్య, మళ్ళీ ఐసు, ఇలా పొరలుగా వెయ్యాలి. కరిగిన నీరు బయటికి పోయే దారి ఉండాలి. నిలవ నీటిలో రొయ్య పాడవుతుంది. తలుపు రబ్బరు చిరిగితే వెంటనే మార్చాలి. ఆ పెట్టెను పట్టుబడి పట్టుబడికీ కడిగి ఆరబెట్టాలి.

సంక్రాంతి తర్వాతి పట్టుబడికి అలాగే చేశాం. ఫ్యాక్టరీలో తలుపు తీయగానే నాయన గుండె జారింది. "అయ్యో, ఐసు శానా కరిగిపోయిందిరా!"

"కరగాలనే వేశాం నాయనా" అన్నాను.

ఆ రోజు కోత పడలేదు.