ఎంచుకోని వాక్యం

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకోవడం తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి అలవాటు. కొత్త సంవత్సరమంతా ఆ వచనం తమదేనని నమ్ముతారు. వాట్సాప్ వచ్చాక ఆ కార్డు రోజూ అందుతోంది, పువ్వుల బొమ్మతో సహా. అందులో తప్పు లేదు. అనుదిన ధ్యానమంటే అంతేననుకోవడంలోనే ఉంది చిక్కంతా. ధైర్యం చెప్పే వచనాలనే ఏరుకునేవాడు తనకు కావలసిన మాటను బైబిల్ నోట పలికించుకుంటున్నాడు. మనసుకు కొత్త చిగురు వచ్చేది మనం కోరని వాక్యం ఎదురుపడినప్పుడేనని నా అభిప్రాయం. అందుకు ఏదైనా ఒక గ్రంథం పట్టుకుని, రోజుకు కొంత చొప్పున వరుసగా చదువుకుపోవాలి. ఇంట్లో సుందరకాండ పారాయణ చేసేవాళ్లకు ఈ పద్ధతి వింతగా తోచదు.

హైదరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లోని హెబ్రోను ప్రార్థనా మందిరం కేంద్రంగా పనిచేసిన సువార్తికుడు భక్త్ సింగ్ (1903–2000) జీవితం ఇందుకు సాక్ష్యం. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఒకప్పుడు చేతికొచ్చిన బైబిల్‌ను చింపేశాడు. ఇంజనీరింగ్ చదువుతూ కెనడాలో ఉన్నప్పుడు, 1929 డిసెంబరులో విన్నిపెగ్‌లో దొరికిన కొత్త నిబంధనను వదలకుండా చదివాడు. తన అభిప్రాయాలను బలపరిచే మాటలు అతను అందులో వెతుక్కోలేదు. ఆ చదువే అతన్ని మార్చింది. ఏరుకోకుండా చదివితే ఏం ఎదురుపడుతుందో తెలియాలంటే కీర్తనల గ్రంథాన్నే చూడండి. అందులోని 150 కీర్తనల్లో దేవుడికి మొరపెట్టుకునేవి, ఆయన్ని నిలదీసేవి చాలా ఉన్నాయి. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ రాదు. అలాంటిది ఎవరూ కార్డు మీద అచ్చువేయరు. కానీ ఆస్పత్రి వరండాలో రాత్రంతా కూర్చున్న మనిషికి తన గోడు ప్రార్థనగా చెల్లుతుందని తెలిసేది ఆ కీర్తన వల్లనే.

వరస పెట్టుకుంటే అది యాంత్రికమైపోదా? అవుతుంది. 1189 అధ్యాయాలున్న బైబిల్‌ను ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. ధ్యానం పోయి లెక్క మిగులుతుంది. 1842లో ఏడాది పొడుగునా చదివే పట్టికను తయారుచేసిన స్కాట్లాండ్ పాస్టర్ మెక్‌షేన్ కూడా చదువు మొక్కుబడిగా మారే ప్రమాదాన్ని ముందే హెచ్చరించాడు. కాబట్టి ముగించాలన్న పంతం వదిలేయాలి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిధాని, బీడీఎల్ కర్మాగారాల షిఫ్టులకు వెళ్లేవాళ్లకు రోజూ ఒకే వేళ కుదరకపోవచ్చు. అప్పుడు పది వచనాలైనా చాలు, నిన్న ఆపిన చోట అందుకుంటే సరి. చదువురానివాళ్ల సంగతేమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు అక్షరం రాని దళితులు. వాక్యం వాళ్లకు చెవి ద్వారా, పాట ద్వారా అందింది. ధ్యానానికి కళ్లే కావాలని లేదు.

ఈ ధ్యానమంతా లోక బాధ్యతల నుంచి తప్పించుకోవడమేనన్నది మిగిలిన ఆక్షేపణ. ఏరుకుని చదివేవాళ్ల విషయంలో దాన్ని కాదనలేను. వరుసగా చదివేవాడికి మాత్రం ఎప్పుడో ఒకరోజు ఆమోసు తగులుతాడు. దొంగ తూకాలు తూచే వర్తకులనూ, చెప్పుల జతకు పేదవాణ్ణి కొనేవాళ్లనూ ఆ ప్రవక్త కడిగేస్తాడు. అది చదివి దుకాణం తెరవబోయే మనిషి ముందు తన తక్కెడ సరిచూసుకోవాలి.