చదరంగపు గడులలోని మహాసంఖ్య



నేను 2017 మొదలు మెట్రోరైలు నడచుచున్న నాగోలులో విశ్రాంతి గైకొన్న బడిపంతులను. నేఁడు మీతో ఒక సంఖ్యనుగూర్చి ముచ్చటింపఁ దలఁచితిని. చదరంగపు పలకలో 64 గడులు గలవు గదా. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచుఁ బోయినచో మొత్తము గింజ లెన్ని?

దీనికి మన తెలుఁగున ఒక పద్యము గలదు. అది పావులూరి మల్లనదిగాఁ బ్రసిద్ధము. మహావీరాచార్యుఁడు తొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిఁగించినవాఁ డీ మల్లనయే. పద్యమున అంకెలకు బదులు వస్తువుల పేరు లుండును. చంద్రుఁ డనఁగా 1, వేదము లనఁగా 4, ఆకాశ మనఁగా సున్న. మొదటి పేరును ఒకట్ల స్థానమున నుంచి, తక్కినవానిని వరుసగా నెడమవైపునకు వ్రాసికొనిపోవలెను. అప్పుడు వచ్చునది 18446744073709551615.

బాల్యముననే ఆ పద్యమును వల్లించితిని, పిల్లలచేతను వల్లింపఁజేసితిని. ఒకనాఁ డొక బాలుఁడు లేచి, “పంతులుగారూ, ఈ సంఖ్య సరియైనదని మీ కెట్లు తెలియును?” అని యడిగెను. పెద్దల మాట శంకింతువా యని గద్దించి కూర్చుండఁబెట్టితిని. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. నే నెన్నఁడును ఆ లెక్క చేసి చూడలేదు!

లేచి కాగితము గైకొంటిని. 1, 2, 4 కూడిన 7. నాలుగవ గడిలో 8. ఏ గడిదాఁకఁ గూడినను మొత్తము తరువాతి గడికంటె ఒకటి తక్కువయే. కావున 65వ గడి యున్నచో దానియందుండవలసిన గింజలు తెలిసినఁ జాలును. అందులకు 64 మారులు రెట్టింప నక్కఱలేదు. 2ను వర్గించిన 4. మరల వర్గించిన 16. ఆపై 256, 65536, 4294967296. ఆఱవ వర్గముతోఁ బని ముగిసెను. ఒకటి తీసివేయఁగా పద్యములోని సంఖ్యయే, ఒక్క అంకెయుఁ దప్పక, నిలిచెను.

దాని గుణములు వినుఁడు. అంకెల మొత్తము 87. కావున 3చే నిశ్శేషముగా భాగింపఁబడును, 9చే భాగింపఁబడదు. చివర 5 గనుక 5చేతను భాగింపఁబడును. మఱియు 8 వర్గము 64. ఒకటి తీసిన 63, అనఁగా 7, 9ల గుణితము. అట్లే మన సంఖ్య 4294967295, 4294967297ల గుణితము. ఈ రెండవదానిని ఫ్రాన్సు దేశపు ఫెర్మా అవిభాజ్యమని తలఁచెను. అది 641చే భాగింపఁబడునని 1732లో ఆయిలరు చూపెను. మొత్తముమీఁద మన సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను నేడు అవిభాజ్యముల గుణితము.

వేయి వడ్లగింజలు 20 గ్రాములు తూఁగునన్నచో, ఈ రాశి 36,000 కోట్ల టన్నులకు మించును. ప్రపంచ మేఁటేఁటఁ బండించు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అనఁగా నాలుగువందల యేండ్ల పంటయుఁ జాలదు!

మఱునాఁడు తరగతి యెదుట నా తప్పొప్పుకొని, ఆ బాలునిచేతనే నల్లబల్లపై ఆఱు వర్గములును చేయించితిని. నాఁటినుండి ఆ పద్యము నాకు మునుపటికంటెఁ బ్రియమైనది. మీ మనుమఁడు మీ నట్లడిగినచో గద్దింపకుఁడు. పలక చేతికిచ్చి, ప్రక్కనఁ గూర్చుండుఁడు.

సెలవు.