పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు భోజనం

సికింద్రాబాద్ స్టేషన్‌కు రెండు ముఖాలు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు దిగితే ఎదురుగా ఆల్ఫా హోటల్, పక్కనే రెజిమెంటల్ బజార్, సిటీ బస్సుల గోల. పదో నంబరు వైపు బయటికొస్తే బోయిగూడ. ఫొటోల్లోకెక్కిన సికింద్రాబాద్ అంతా మొదటి వైపే ఉంది. గాంధీ ఆస్పత్రికి పోయేవాళ్లు, టింబర్ డిపోల్లో పని చూసుకోవాల్సినవాళ్లు, తెల్లారి ఇంకో రైలు పట్టుకోవాల్సినవాళ్లు రెండో వైపు తేలతారు.

స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీల్లో గది తాళంతో పాటు ఉచితంగా దొరికేది ఒకటుంది: ఎక్కడ తినాలన్న సలహా. "అన్నా, ఇప్పుడు టిఫిన్ ఎక్కడ దొరుకుతది?" అని అడిగితే కౌంటర్లో కూర్చున్నాయన మీకేమిష్టమో అడగడు. "బండి ఎన్నింటికి సార్?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నతో సగం హోటళ్లు జాబితాలోంచి ఎగిరిపోతాయి. ఆహార సమీక్షలు రాసేవాళ్లకు రుచి ముందు, టైము తర్వాత. లాడ్జి మేనేజరుకు టైమే ముందు. నా ఓటు కూడా మేనేజరుకే.

చీకటి విడవకముందు దిగితే ఆల్ఫాకే పంపిస్తారు. బోయిగూడ వైపున్నవాళ్లు పాదచారుల వంతెన దాటి అటు పోవాల్సి వచ్చినా సరే. ఇరానీ చాయ్ మన ఇళ్లలో పెట్టే టీ కాదు. డికాషన్ ఒక పాత్రలో సన్నటి సెగ మీద గంటల తరబడి మగ్గుతుంది. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాగుతుంటాయి. కప్పులో రెండూ కలిసేది ఆఖరి నిమిషంలోనే. పక్కన ఉస్మానియా బిస్కెట్టో, కొబ్బరికోరు కుక్కిన దిల్‌ఖుషో. ఇద్దరు వెళ్తే "వన్ బై టూ" అని చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు. కడుపు నిండా కావాలంటే పొద్దుటిపూట పాత హోటళ్లలో ఖిచ్డీ, ఖీమా, పక్కన పుల్లటి ఖట్టా. వేడివేడిగా తింటేనే దాని సంగతి తెలుస్తుంది. ఆరిపోయాక తింటే ఎవరికీ నచ్చదు, నాకైతే అసలే నచ్చదు.

బోయిగూడ, పద్మారావునగర్ వీధుల్లో మాత్రం పొద్దున రాజ్యం టిఫిన్ బండ్లదే. ఇడ్లీ, దోశ, మైసూరు బజ్జీ, పూరీ. అన్నిటి మీదా పల్లీ చట్నీ, అడిగితే అల్లం చట్నీ. వీటికి పేర్లుండవు, బోర్డులుండవు. అందుకే లాడ్జి వాళ్లు చెప్పే గుర్తులు వేరే: ఫలానా మెడికల్ షాపు పక్కన, ఫలానా వేపచెట్టు కింద. పది దాటితే ఆ గుర్తులు మిగులుతాయి కానీ బండి ఉండదు. సాయంత్రం అలాంటి మూలల్లోనే జొన్నరొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. నూనె పొడ గిట్టని షుగర్ పేషెంట్లకు, ఆస్పత్రి కోసం వచ్చిన పెద్దవాళ్లకు ఇంతకంటే మంచి రాత్రి భోజనం ఈ చుట్టుపక్కల చెప్పలేను.

గాంధీ ఆస్పత్రి ఒకప్పుడు స్టేషన్‌కు దగ్గర్లోనే ఉండేది. పాత ముషీరాబాద్ జైలు స్థలంలో కొత్త భవనాలు కట్టి 2003లో అక్కడికి మార్చారు. రోగికి ఆస్పత్రిలో పడక దొరుకుతుంది. వెంట వచ్చినవాళ్లకు తిండీ నిద్రా సొంత పూచీ. గది అద్దె కట్టాక జేబులో మిగిలేదెంతో మేనేజరుకు తెలియనిదేం కాదు. అలాంటివాళ్లకు నగరంలో ఐదు రూపాయల భోజనం పెద్ద ఆసరా. 2014లో జీహెచ్‌ఎంసీ ఈ పథకాన్ని మొదలుపెట్టింది నాంపల్లి సరాయ్ దగ్గర. నిజాం కాలంలో బాటసారుల కోసం కట్టిన సత్రం అది. అన్నం, పప్పో సాంబారో, ఒక కూర, పచ్చడి. అన్నపూర్ణ పేరుతో నడిచిన ఆ కేంద్రాలను 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లుగా మార్చి, ఐదు రూపాయలకే టిఫిన్ కూడా చేర్చారు.

లాడ్జి గది, హోటల్ భోజనం రెండూ అందనివాళ్లూ బోయిగూడలో ఉన్నారు. 2022 మార్చి 23 తెల్లవారుజామున ఇక్కడి తుక్కు గోదాములో మంటలు లేచి, పైఅంతస్తులో నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. వాళ్లు వండుకుని తిన్నదీ, పడుకున్నదీ పనిచేసే చోటే.

ఇక పారడైజ్. 1953లో పారడైజ్ థియేటర్‌లో చిన్న కేఫ్‌గా మొదలై, బిర్యానీకి మారుపేరైంది. చేతిలో రెండు మూడు గంటలుంటే ఆటో ఎక్కి వెళ్లండి. ట్రాఫిక్ మధ్య గంటలో వెళ్లి తిని రావాలనుకుంటే రైలైనా తప్పుతుంది, బిర్యానీ అయినా సగంలో వదిలేయాల్సి వస్తుంది.

ఏడాదిలో ఒక ఆదివారం మాత్రం ఈ లెక్కలన్నీ తారుమారు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి జాతర రోజున దారులు మళ్లిస్తారు, గదులు దొరకవు, చాలా బండ్లు కదలవు. ఆ గుడి పెట్టింది సైన్యంలో డోలీ మోసిన సురిటి అప్పయ్య. ఉద్యోగరీత్యా 1813లో ఉజ్జయిని వెళ్లి, కలరా నుంచి ఊరు గట్టెక్కితే గుడి కడతానని అమ్మవారికి మొక్కుకున్నాడని చెబుతారు. 1815లో వచ్చి కర్ర విగ్రహం నిలిపాడు. సికందర్ జా పేరు మీద ఈ దండు ఊరికి సికింద్రాబాద్ అని పేరుపెట్టి అప్పటికి తొమ్మిదేళ్లే. రైలు ఇంకా 59 ఏళ్ల దూరంలో ఉంది. జాతర రోజు హోటళ్లు వెతుక్కోకండి. దారిలో ఎవరో ఒకరు పిలిచి ప్రసాదం పెడతారు.

ఒక హెచ్చరిక. సుమారు 700 కోట్ల రూపాయలతో స్టేషన్‌ను తిరిగి కట్టే పనికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. 2025లో పాత భవనాన్ని కూల్చేశారు. పనుల కారణంగా చాలా రైళ్లను చర్లపల్లి టెర్మినల్‌కు మార్చారు. గది బుక్ చేసుకునేముందు టికెట్ మీద ఏ స్టేషన్ పేరుందో చూసుకోండి. చర్లపల్లి అని ఉంటే ఈ చిట్టా మీకు పనికిరాదు.