పరిశోధన వ్యాసాల్లో ఆధారాల ప్రస్తావన - పాటించవలసిన పద్ధతులు

పరిశోధన వ్యాసంలో వినియోగించుకొన్న ప్రతి ఆధారాన్నీ సక్రమంగా పేర్కొనడం కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 జూలైలో జారీ చేసిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనల మేరకు అది పరిశోధకుల బాధ్యత.

ఈ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు. 40 శాతం వరకు ఉంటే గరిష్ఠంగా ఆరు నెలల్లో సవరించి సమర్పించాలి. 60 శాతం వరకు ఉంటే సవరించిన ప్రతిని ఏడాదిపాటు సమర్పించడానికి వీలులేదు. అంతకు మించితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అధ్యాపకుల ప్రచురణల్లో పోలిక 40 శాతం దాటితే ఒకటి, 60 శాతం దాటితే వరుసగా రెండు వార్షిక ఇంక్రిమెంట్లు నిలిచిపోతాయి.

అయితే శాతం తగ్గితే చాలునన్న అభిప్రాయం సరికాదు. ఆధారం చూపి ఉదహరించిన భాగాన్ని, గ్రంథసూచిని ఈ లెక్కలో చేర్చరు. మరొకరి ప్రతిపాదనను సొంత మాటల్లోకి మార్చి పేరు విడిచిపెడితే మాత్రం కంప్యూటర్ పట్టుకోలేకపోయినా అది చౌర్యమే.

తెలుగు పేర్ల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. మన ఇంటిపేరు ముందుంటుంది. చివరి పదాన్నే ఇంటిపేరుగా భావించే పాశ్చాత్య పద్ధతిని యథాతథంగా అనుసరించి, 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రచయితను 'రెడ్డి, ఎస్.పి.' అని నమోదు చేస్తే, ఆయన సురవరం ప్రతాపరెడ్డి అని పాఠకుడు గుర్తించడం కష్టం. తెలుగు గ్రంథసూచిలో పూర్తి పేరును వాడుకలో ఉన్న క్రమంలోనే ఇవ్వడం ఉత్తమం. పునర్ముద్రణల్లో పుటల సంఖ్యలు మారుతాయి కనుక, చూసిన ముద్రణ సంవత్సరాన్ని కూడా తెలపాలి.

చూడని గ్రంథాన్ని చూసినట్లు పేర్కొనడం మరింత తీవ్రమైన లోపం. 1948లో ప్రచురితమైన దక్షిణ భారత శాసనాల 10వ సంపుటంలో తెలుగు శాసనాలున్నాయి. అందులోని శాసనాన్ని వేరొక చరిత్ర పుస్తకం నుంచి గ్రహించి సంపుటం పేరు మాత్రమే వేస్తే, ఆ పుస్తకంలోని అచ్చుతప్పు శాసన పాఠంగా చెలామణి అవుతుంది. అటువంటప్పుడు సంపుటాన్ని, దానిని ఉదహరించిన పుస్తకాన్ని, రెండింటినీ చూపాలి.

ప్రభుత్వ ఉత్తర్వులను ప్రస్తావించేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. జీవో నంబర్లు శాఖలవారీగా ఏటా మొదటి నుంచి ప్రారంభమవుతాయి. శాఖ పేరు, తేదీ లేకుండా నంబరు ఒక్కటే ఇస్తే ఏ ఉత్తర్వో తెలియదు. కార్యాలయ నివేదికల్లోనూ, పత్రికా కథనాల్లోనూ ఈ పొరపాటు తరచు కనిపిస్తోంది.