చెడిన వ్యవహారము – ఒకే చీటీలోని ఆజ్ఞలు



పాల సంఘమువారు తమ ఖాతానుండి ఒక రైతు ఖాతాకు 500 రూపాయలు మార్చుచున్నారనుకొందము. సంఘపు లెక్కలో ఖర్చు, రైతు లెక్కలో జమ వ్రాయవలెను. ఖర్చు వ్రాసి జమ వ్రాయకమునుపే పని ఆగిపోయినచో ఆ సొమ్ము ఎవరిది? అందుచేత కంప్యూటరులో లెక్కలు నిలువయుంచు డేటాబేసు ఇట్టి పద్దులను ఒకే ముడిగా కట్టును. నిలిచిన రెండును నిలుచును. లేనిచో రెండును లేనట్లే. దీనికి ట్రాన్సాక్షన్ అని పేరు. అమెరికా శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రే 1981లో దీని గుణములను, పరిమితులను ఒక వ్యాసమున చర్చించెను.

ముడి వేయుటకు బిగిన్, స్థిరపఱచుటకు కమిట్, రద్దుచేయుటకు రోల్‌బ్యాక్ అను ఆజ్ఞలు గలవు. నేను 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఆరంభమైన పోస్ట్‌గ్రెస్ నడవడినే చెప్పెదను. తక్కిన డేటాబేసుల పద్ధతులు కొంత వేఱు.

ముడిలో ఒక్క ఆజ్ఞ తప్పినను పోస్ట్‌గ్రెస్ వ్యవహారమునంతను చెడినదిగా నెంచును. పిమ్మట నిలువ ఎంత యని యడిగినను బదులీయదు. కొందఱికిది మొండితనముగా తోచును. నాకు మాత్రము మంచి కరణము లక్షణముగానే తోచుచున్నది.

చిక్కు ఇచ్చట గలదు. పలు ఆజ్ఞలను ఒకే చీటీపై వ్రాసినట్లు కలిపి పంపుట వాడుక. పోస్ట్‌గ్రెస్ ముందు చీటీనంతయు చదువును. ఎచ్చట భాషాదోషమున్నను ఒక్కటియు నడపదు. దోషము లేనిచో వరుసగా నడపును. ఒకటి తప్పగానే మిగిలినవానిని విడిచివేయును. కావున చెడిన వ్యవహారములో నిలువ చూపుమని ముందు, రద్దుచేయుమని తరువాత వ్రాసినచో, మొదటిది త్రోసివేయబడును, రద్దుదాక చేరనేచేరదు. ముడి యట్లే బిగిసియుండును. రద్దు ముందు వ్రాసినచో రెండును నెఱవేఱును.

కమిట్ సంగతి ఇంకను వింత. చెడిన పిదప కమిట్ అనినను పోస్ట్‌గ్రెస్ రద్దే చేసి, రోల్‌బ్యాక్ అని బదులు చెప్పును. ఆ బదులు చదువక రైతునకు రసీదు వ్రాసిచ్చు గుమాస్తా, చేరని సొమ్ము చేరినదని సంతకము చేసినవాడగును.

రద్దు చేసినంతనే పని తీరదు. జమ వద్ద తప్పిన ముడిని రద్దు చేసినప్పుడు, అంతకుముందు వ్రాసిన ఖర్చు పద్దును పోవును. కొందఱు తప్పినది జమయే గదా యని, రద్దు తరువాత అదే చీటీలో జమను మాత్రమే వ్రాయుదురు. అది నడచును, నిలుచును కూడ. అప్పుడు రైతు ఖాతాలో 500 హెచ్చును. సంఘపు ఖాతాలో కాసైనను తగ్గదు. రద్దు, బిగిన్, ఖర్చు, జమ, కమిట్ – చీటీపై ఈ అయిదును ఈ వరుసనే యుండవలెను.