రేడియేషన్ అయిపోయినా విరేచనాలు ఆగట్లేదా? కారణం పైత్యరసం కావొచ్చు.. ఓర్చుకోవాల్సిన పనిలేదు!

క్యాన్సర్ తగ్గింది. రేడియేషన్ కోర్సు కూడా పూర్తయింది. కానీ రోజుకు ఆరేడుసార్లు బాత్రూమ్‌కు పరుగెత్తాల్సి వస్తోంది. బస్సెక్కాలంటే భయం.. పెళ్లికి వెళ్లాలంటే భయం. పొత్తికడుపు భాగంలో రేడియోథెరపీ చేయించుకున్న వారిలో కొందరికి ఈ ఇబ్బంది నెలలు, ఏళ్ల తరబడి ఉంటుంది. ప్రాణం దక్కింది చాలు, ఇది మామూలేలే అనుకుని చాలామంది డాక్టర్‌కు కూడా చెప్పరు. కానీ ఈ విరేచనాల వెనుక చికిత్సకు లొంగే కారణాలు ఉండొచ్చు. వాటిలో ముఖ్యమైనవి రెండు.. పైత్యరసంలో ఉండే బైల్ యాసిడ్లు, పేగుల్లోని బ్యాక్టీరియా.

పేగుకు దెబ్బ ఎందుకు తగులుతుంది?

సర్వైకల్, గర్భాశయ, ప్రోస్టేట్, మూత్రాశయ, మలాశయ క్యాన్సర్లకు పొత్తికడుపు కింది భాగంలో రేడియేషన్ ఇస్తారు. గడ్డకే గురిపెట్టినా పక్కనున్న పేగుకు కూడా కొంత తగులుతుంది. వేగంగా విభజన చెందే కణాలను రేడియేషన్ ఎక్కువగా దెబ్బతీస్తుంది. పేగు లోపలి పొరలో 3 నుంచి 5 రోజులకోసారి పాత కణాలు పోయి కొత్తవి వస్తుంటాయి. అందుకే చికిత్స మొదలైన రెండు మూడు వారాలకే విరేచనాలు, కడుపునొప్పి కనిపిస్తాయి. చాలామందికి కోర్సు ముగిశాక కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. కొందరిలో మాత్రం పేగు గోడలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, గోడ గట్టిపడుతుంది. అలాంటి వారికి నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా సమస్య బయటపడొచ్చు.

95 శాతం వెనక్కి వెళ్లాలి.. వెళ్లకపోతే?

బైల్ యాసిడ్లను కాలేయం కొలెస్ట్రాల్ నుంచి తయారు చేస్తుంది. అవి పిత్తాశయంలో నిల్వ ఉండి, భోజనం చేసినప్పుడు చిన్నపేగులోకి వస్తాయి. జిడ్డు గిన్నె మీద సబ్బులా పనిచేసి కొవ్వును అరిగించడానికి సాయపడతాయి. పని అయ్యాక వాటిలో సుమారు 95 శాతాన్ని చిన్నపేగు పీల్చుకుని, రక్తం ద్వారా మళ్లీ కాలేయానికి పంపేస్తుంది. ఈ పని ప్రధానంగా చిన్నపేగు చివరి భాగంలో జరుగుతుంది.

పొత్తికడుపుకు ఇచ్చే రేడియేషన్ ఆ చివరి భాగానికీ తగలొచ్చు. అది దెబ్బతింటే బైల్ యాసిడ్లు వెనక్కి వెళ్లకుండా పెద్దపేగులోకి జారిపోతాయి. అక్కడ పేగు గోడ నుంచి నీరు ఊరేలా చేస్తాయి, కదలికలను పెంచుతాయి. ఫలితం.. నీళ్ల విరేచనాలు, ఆపుకోలేనంత తొందర. నూనె ఎక్కువున్న వేపుళ్లు, బిర్యానీ లాంటివి తిన్నాక ఇది ఇంకా ఎక్కువ కావొచ్చు. విటమిన్ బి12 ఒంటికి పట్టేది కూడా చిన్నపేగు చివరి భాగంలోనే. కాబట్టి దాని లోపం కూడా రావొచ్చు.

మరి బ్యాక్టీరియా సంగతి?

పెద్దపేగుకు చేరిన బైల్ యాసిడ్లను అక్కడి బ్యాక్టీరియా వేరే రూపంలోకి మారుస్తుంది. కోలిక్ యాసిడ్ డీఆక్సీకోలిక్ యాసిడ్‌గా మారేది అలాగే. మరోవైపు ఏ బ్యాక్టీరియా పెరగాలి, ఏది తగ్గాలి అన్నదానిపై బైల్ యాసిడ్ల ప్రభావం కూడా ఉంటుంది. అంటే ఒకదాని లెక్క తప్పితే రెండోదీ తప్పుతుంది. రేడియేషన్ తర్వాత పేగులో బ్యాక్టీరియా రకాలు తగ్గే అవకాశం ఉంది. కొందరికి చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగి గ్యాస్, ఉబ్బరం, విరేచనాలు వస్తాయి.

2020లో సైన్స్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ఆసక్తికరమైన విషయం చెప్పింది. భారీ రేడియేషన్ తట్టుకుని బతికిన ఎలుకల పేగుల్లో లాక్నోస్పిరేసి అనే కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. దాన్ని వేరే ఎలుకలకు ఇస్తే వాటికీ రక్షణ దొరికింది. అయితే ఇది ఎలుకల్లో వచ్చిన ఫలితం, మనుషులకు ఇంకా మందుగా రాలేదు.

చికిత్స ఉందా?

ఉంది. బైల్ యాసిడ్లను పేగులోనే పట్టి ఉంచే కొలెస్టిరమైన్ పొడి, కొలెసెవెలామ్ మాత్రలు ఉన్నాయి. బ్రిటన్ లాంటి చోట్ల ముందుగా స్కాన్ పరీక్షతో సమస్యను నిర్ధారిస్తారు. ఆ సదుపాయం లేని చోట డాక్టర్లు మందు ఇచ్చి ఫలితం చూస్తారు. కొలెస్టిరమైన్ వేరే మాత్రలను కూడా ఒంటికి పట్టకుండా అడ్డుకోగలదు. అందుకే ఏది ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ను అడిగి తీరాలి. చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగితే యాంటీబయాటిక్స్ ఇస్తారు.

కారణం వెతికి వైద్యం చేస్తే ఫలితం ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన ఆర్బిట్ ట్రయల్ చూపించింది. 218 మందిపై జరిగిన ఈ అధ్యయనం 2013లో లాన్సెట్‌లో వచ్చింది. ఒక పద్ధతి ప్రకారం పరీక్షలు చేసి చికిత్స ఇచ్చిన వారికి, మామూలు సలహాలతో సరిపెట్టిన వారికంటే ఎక్కువ ఉపశమనం దక్కింది.

తిండి విషయంలో..

రేడియేషన్ సమయంలో పీచు పదార్థం పూర్తిగా మానేయాలని చాలామంది అనుకుంటారు. లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆస్పత్రి 166 మందిపై చేసి 2017లో ప్రచురించిన ట్రయల్‌లో, పీచు ఎక్కువ తిన్నవారికే పేగు ఇబ్బందులు తక్కువగా వచ్చాయి. అలాగని అందరికీ ఒకే డైట్ సరిపోదు. పేగు ఇరుకుగా మారినవారికి పీచు ఇబ్బంది పెట్టొచ్చు. ప్రోబయోటిక్స్ కూడా సొంతంగా మొదలుపెట్టకూడదు. ఇమ్యూనిటీ బాగా తగ్గిన వారికి అవి ఇన్‌ఫెక్షన్ తెచ్చే ప్రమాదం ఉంది.

వెంటనే ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లాలి?

మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, కడుపు ఉబ్బి వాంతులు.. వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయొద్దు. మిగతావారు కూడా రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారో, ఏం తిన్నాక ఎక్కువవుతోందో వారం రోజులు రాసుకుని డాక్టర్‌కు చూపించాలి. ఎన్నేళ్ల కింద రేడియేషన్ తీసుకున్నా ఆ సంగతి చెప్పాల్సిందే. అది చెప్పకపోతే మామూలు అజీర్తి అనో, ఐబీఎస్ అనో అనుకుని అసలు కారణం పట్టుబడకుండానే పోతుంది.